ఓడినవాళ్ళు చెప్పాలి

పోయిన వానాకాలం మా ఆఫీసులో నలుగురం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశాం. పోట్లాడుకుని కాదు, భయపడి. ఆ భయం ఆఫీసులో ఉండిపోలేదు. మా ఇంటిదాకా వచ్చింది.

అంతకుముందు మాకొక ఆట ఉండేది. హైటెక్ సిటీలో మా భవనం ఏడో అంతస్తులో, టీ మిషను ఉండే పాంట్రీలో కిటికీ పక్కన ఒక గుండ్రటి బల్ల ఉంది. సాయంత్రం టీ వేళకి సుష్మ తన డ్రాయరులోంచి గవ్వలు తీసుకొచ్చేది. లాప్‌టాప్ అట్టపెట్టె మూత మీద మార్కర్‌తో గీసుకున్న గడుల మీద అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. నలుగురం, నాలుగు వైపులా. పెన్ను మూతలు, పిన్నులు, యాలక్కాయలు మా కాయలు. అరగంటలో ఆట పూర్తి కాదు కాబట్టి, టీ కప్పులు ఖాళీ అయ్యేసరికి ఎవరి కాయలు తక్కువ పండితే వాళ్ళు ఓడినట్టు. ఓడినవాళ్ళు ఆ రోజు పనిలో చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. ఆ నియమం పెట్టింది దినేష్. దానికి 'ఘనకార్యం' అని పేరు కూడా వాడే పెట్టాడు.

"సిగ్గుపడొద్దు. ఇయ్యాల నువ్వు, రేపు నేను," అనేవాడు.

మేం డయాలసిస్ సెంటర్లకి సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఏ పేషెంటు ఏ రోజు రావాలో చూసే భాగం యశ్వంత్‌ది. ప్రొద్దుటూరు కుర్రాడు, నార్సింగిలో గది తీసుకుని ఉంటాడు. ముందురోజు పేషెంటు ఫోనుకి 'రేపు రండి' అని సందేశం పంపే భాగం సుష్మది. ఆమెది అనంతపురం. సెంటర్ల వాళ్ళతో ఫోన్లో మాట్లాడేది దినేష్. మూసాపేటలోనే పుట్టి పెరిగినవాడు. నేను డాక్టర్లకి వెళ్ళే రిపోర్టులు చూస్తాను. మా మావయ్యగారు సీతారామయ్యగారు వారానికి రెండుసార్లు, సోమ గురువారాల్లో, డయాలసిస్‌కి వెళ్ళేది కూడా మా సాఫ్ట్‌వేర్ వాడే మూసాపేట సెంటరుకే. ఆ సెంటరులో చేర్పించమని దినేషే చెప్పాడు. బాచుపల్లిలో మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళి వస్తారాయన.

ఆషాఢం మొదట్లో మాట బయటికొచ్చింది. ప్రతి టీమ్ నుంచీ ఒకరిని తీసేస్తారట. ఎవరు చెప్పారో తెలియదు, లిఫ్టులో విన్నామన్నారు. మా మేనేజరు భార్గవిగారిని అడిగితే, "నాకూ పూర్తిగా తెలియదండి. ఎవరి పని వాళ్ళు కనిపించేలా చూసుకోండి," అన్నారు. ఆవిడ ఆట మానమని చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. కానీ పాంట్రీకి ఉన్నది అద్దాల గోడ. ఎదురుగా పెద్దవాళ్ళ గదులు.

మర్నాడు సుష్మ కాల్ ఉందంది. ఆ తర్వాతి రోజు యశ్వంత్ చెవుల్లోంచి హెడ్‌ఫోన్లు తియ్యలేదు. నేను టీ నా సీటు దగ్గరికే తెచ్చుకున్నాను. తల తిప్పి చూస్తే దినేష్ ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అట్ట పరిచాడు, సుష్మ డ్రాయరులోంచి తెచ్చిన గవ్వలు ముందు పెట్టుకున్నాడు. కాసేపు కిటికీలోంచి కింద ట్రాఫిక్ చూశాడు. తర్వాత అన్నీ సర్దేసి, కప్పు కడిగి, వెళ్ళిపోయాడు. మేం ముగ్గురం చూశాం. ఎవరం లేవలేదు.

ఆ తర్వాత పనంతా రాతలోకి మారిపోయింది. పక్క సీటువాడికి చెప్పాల్సింది కూడా టికెట్ రాసి, అంటే కంప్యూటర్లో నమోదు చేసి, పంపేవాళ్ళం, రేపు అడిగితే చూపించడానికి సాక్ష్యం ఉంటుందని. ఎవరి సమాధానమైనా రెండు ముక్కల్లో వచ్చేది. ఇంట్లోనూ నేను అలాగే తయారయ్యాను. మావయ్యగారు ఏదో చెప్పబోతే "ఒక్క నిమిషం మావయ్యగారూ" అనేదాన్ని. ఆ నిమిషం అయ్యేది కాదు. మా ఆయన అవినాష్ విద్యుత్ శాఖలో ఇంజనీరు. వానలకి తీగలు తెగి పడుతుంటే ఆయన ఇంటిపట్టున ఉండడమే తక్కువ. ఒకరోజు ఆయన వాళ్ళ నాన్నతో అనడం విన్నాను: "అమ్మాయి ఉద్యోగం టెన్షన్‌లో ఉంది. కొన్నాళ్ళు తనని ఏం కదిలించకండి నాన్నా."

ఆదివారం పొద్దున్న మావయ్యగారు మంచం మీద కూర్చుని ఊపిరి కోసం తల పైకెత్తుతున్నారు. పడుకోలేకపోతున్నారు. పెదవులు నల్లబడ్డాయి. కాళ్ళు ముట్టుకుంటే వేలి గుంట అలాగే ఉండిపోయింది. అవినాష్, నేను ఆయన్ని చెరోవైపు పట్టుకుని కారెక్కించాం. కూకట్‌పల్లిలో ఆస్పత్రికి చేరేసరికి ఆయనకి మాట రావడం లేదు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డ్యూటీ డాక్టరు చెప్పింది. "ఆఖరి డయాలసిస్ ఎప్పుడు?"

"గురువారం," అన్నాడు అవినాష్.

మావయ్యగారు ఆక్సిజన్ మాస్కు కింద తల అడ్డంగా ఊపారు.

లోపలికి తీసుకెళ్ళాక ఆయన ఫోను అవినాష్ చేతికొచ్చింది. బుధవారం సాయంత్రం వచ్చిన సందేశం అందులో ఉంది. 'రేపు గురువారం మీ డయాలసిస్. సమయానికి రండి.' ఆ కింద ఆ సెంటరు నంబరుకి ఆయన చేసిన కాల్స్, ఎవరూ ఎత్తనివి. అవినాష్ సెంటరుకి ఫోన్ చేశాడు. అవతల అమ్మాయి విసుక్కోకుండానే చెప్పింది. డయాలసిస్‌కి నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు రిపేరు కోసం గురువారం సెంటరు మూసేశారు. ఆ రోజు రావాల్సిన వాళ్ళందరినీ బుధవారానికి జరిపారు. బుధవారం దంచికొట్టిన వానకి పేషెంట్లు రాలేదనుకున్నారు. తీరా చూస్తే వాళ్ళకి కబురే వెళ్ళలేదు. గురువారం వచ్చినవాళ్ళు మూసిన షట్టరు చూసి గొడవ చేసి, ఎక్కడెక్కడికో వెళ్ళి చేయించుకున్నారట.

మావయ్యగారు మాత్రం గొడవ చెయ్యలేదు. తడుస్తూ ఇంటికొచ్చి, బట్టలు మార్చుకుని, సోమవారం ఎలాగూ ఉంది కదా అని ఊరుకున్నారు.

అవినాష్ ఫోను నా ముందు పెట్టాడు. "ఇది మీ సాఫ్ట్‌వేరే కదూ?"

"అవును."

"ఎవరు చేశారు?"

"నాకు తెలియదు."

"తెలుసుకో. పేరు చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటాను." ఆయన గొంతు పెంచలేదు. పెళ్ళయ్యాక నేను ఆయనకి భయపడింది అప్పుడే.

ఐసీయూలో డయాలసిస్ మొదలుపెట్టారు. సోమవారం కూడా ఆయన కళ్ళు తెరిచి మూయడమే తప్ప మాట లేదు. ఏ సంగతీ రేపటికి గాని చెప్పలేమన్నారు. మంగళవారం మధ్యాహ్నం, తప్పనిసరిగా రమ్మని భార్గవిగారు కబురు పెడితే, అవినాష్‌ని ఆస్పత్రిలో వదిలి ఆఫీసుకి వెళ్ళాను.

అక్కడికి వెళ్ళాక తెలిసింది, శుక్రవారం నుంచి ఆ గొడవ నా పక్క సీట్లలోనే నడుస్తోందని. భార్గవిగారు ముగ్గురినీ విడివిడిగా పిలిచి అడిగారు. ముగ్గురూ విడివిడిగా జవాబిచ్చారు. వాళ్ళు నాకు చెప్పలేదు, నేను వాళ్ళని అడగలేదు.

భార్గవిగారి గది తలుపు మూసుకోగానే ఆవిడ నీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. "కిరణ్మయిగారూ, మూసాపేట విషయంలో నాకు ఒక పేరు కావాలి. పైవాళ్ళు రేపటికల్లా అడుగుతున్నారు. దినేష్ టికెట్ రాశానంటాడు. యశ్వంత్ తేదీలు మార్చానంటాడు. సుష్మ నాకెవరూ చెప్పలేదంటుంది. ముగ్గురి దగ్గరా ఆధారాలున్నాయి. మీరు ఇందులో లేరు. మీరు చెబితే దానికి విలువుంటుంది."

ఆ పేరుకి ఏమవుతుందో ఆవిడ అనలేదు. అనక్కర్లేదు. ఇంట్లో ఒకరు పేరడుగుతున్నారు, ఇక్కడ ఒకరు పేరడుగుతున్నారు. చెప్పెయ్యడం ఎంత తేలికో అనిపించింది. ఎవరో ఒకరి పేరు చెబితే నా ఉద్యోగం కూడా నిలబడుతుంది.

"సాయంత్రం చెబుతానండి," అన్నాను.

టీ వేళ అయింది. నేను నేరుగా సుష్మ దగ్గరికెళ్ళి, "గవ్వలు తీసుకుని రా," అన్నాను. ఆమె భయంగా పెద్దవాళ్ళ గదుల వైపు చూసింది. "ఇప్పుడా అక్కా?" అంది. నా మొహం చూసి డ్రాయరు తెరిచింది. దినేష్ వచ్చాడు. యశ్వంత్ హెడ్‌ఫోన్లు మెడకి వేలాడేసుకుని వచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"కూర్చో," అన్నాను. "మా మావయ్యగారు ఆదివారం నుంచి ఐసీయూలో ఉన్నారు. గురువారం మూసాపేట సెంటరుకెళ్ళి వెనక్కి వచ్చిన వాళ్ళలో ఆయన ఒకరు."

యశ్వంత్ కూర్చున్నాడు.

దినేష్ రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. "సారు ఎట్లున్నరు అక్కా?"

"ఇంకా తెలియదు."

సుష్మ ఏడవడం మొదలుపెట్టింది. యశ్వంత్ గవ్వల వైపు చూస్తూ అన్నాడు. "అక్కా, ఆట వద్దు. ఓడినానని అనుకో. నా ఘనకార్యం చెప్తా. తేదీలు మార్చినా. మార్చేటప్పుడు సందేశం సంగతి మనసులోకొచ్చింది. సుష్మ పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. చెప్తే, నువ్వు సరిగ్గా చూసుకోలేదా అని రేపు నా మీదికే వస్తుందేమో అనిపించింది. దినేష్ చెప్పుంటాడులే అనుకున్నా."

"నేను నీకు టికెట్ రాసి చేతులు దులుపుకున్న," అన్నాడు దినేష్. "ఎన్నడన్న టికెట్ రాసిన్నా నీకు? ఈడ కూసొని నోటితోనే చెప్తుంటి. సుష్మ గూడ ఇంటుండె."

సుష్మ కళ్ళు తుడుచుకుంది. "సందేశాల భాగాన్ని ఆ వారమే మార్చినాను, అది పాత తేదీలే తీసుకుంటోందని చూసుకోలేదు. బాగుందో లేదో ఒకసారి చూడమని ఎవర్నీ అడగలేదు. అడిగితే చేతకాదనుకుంటారని. శుక్రవారం మూసాపేటకు సరిచేసేసినాను."

"మరి నార్సింగికి?" అన్నాడు దినేష్.

"నార్సింగికి ఏముంది?"

"ఆడ గూడ గిదే కథ గద. ప్లాంటు రిపేరు ఎల్లుండి. ఎల్లుండోళ్ళను రేపటికి జరిపినం. పోయిన వారమే రాసిన, యశ్వంత్‌కు."

యశ్వంత్ తల ఊపాడు. సుష్మ చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. "నేను మూసాపేట ఒక్కటే సరిచేసినాను. నార్సింగి వాళ్ళకి సందేశం రేపు సాయంత్రం పోతుంది. గురువారం రమ్మని."

రేపు సాయంత్రానికి వాళ్ళ డయాలసిస్ వేళ దాటిపోతుంది. గురువారం వాళ్ళు వెళ్ళేసరికి షట్టరు మూసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మార్చి అమల్లో పెట్టాలంటే అనుమతులు రావాలి, అవి రేపటికి గాని రావు.

"ఫోన్ చేద్దాం," అన్నాను. "ఒక్కొక్కరికీ."

అట్ట పక్కకి జరిపి లాప్‌టాప్‌లు పెట్టుకున్నాం. నార్సింగి గురువారం పేషెంట్లని నాలుగు భాగాలు చేసుకున్నాం. కొందరు ఎత్తగానే విన్నారు. కొందరు మోసగాళ్ళనుకుని పెట్టేశారు. అలాంటివాళ్ళకి దినేష్ చేశాడు. "అమ్మా, సెంటర్ల రిసెప్షన్ కాడ కూసునే పద్మక్క ఎరుకేనా? ఆమె తరఫున మాట్లాడుతున్న," అనేవాడు. అది అబద్ధం, అయినా వాళ్ళు వినేవాళ్ళు. ఒకాయన రేపు కూతురి పరీక్ష ఉందన్నాడు. సుష్మ ఆయనతో చాలాసేపు మాట్లాడి ఒప్పించింది. అద్దాల అవతలి నుంచి ఎవరెవరో మమ్మల్ని చూస్తూ వెళ్ళారు. అప్పుడు ఎవరం తలెత్తలేదు.

భార్గవిగారు ఎప్పుడొచ్చి నిలబడ్డారో చూడలేదు. దినేష్ రెండు మాటల్లో సంగతి చెప్పాడు. ఆవిడ కుర్చీ లాక్కున్నారు. "నాకూ కొన్ని ఇవ్వండి."

చివరికి ఒక్కరు మిగిలారు. సుబ్బమ్మ అనే పెద్దావిడ. ఫోను స్విచాఫ్. ఎన్నిసార్లు చేసినా అంతే. ఇచ్చిన ఇంకో నంబరు కొడుకుది. అది మోగుతోంది గాని ఎత్తడం లేదు.

యశ్వంత్ చిరునామా చూశాడు. "మా గదికి దగ్గరే. పోయొస్తా."

"వాన పడుతోంది," అంది సుష్మ.

"పడనీ," అని హెల్మెట్ తీసుకున్నాడు.

భార్గవిగారు నన్ను పేరడగలేదు. నేను బ్యాగు సర్దుకుంటుంటే దగ్గరికొచ్చి, "ఆస్పత్రికే కదా, వెళ్ళండి. ఇక్కడ నేను చూసుకుంటాను," అన్నారు. దినేష్, సుష్మ నాతో పాటు లిఫ్టెక్కారు. రావద్దని నేను అన్నాను. అవినాష్ ఏమంటాడో నాకు తెలియదు. "రాకుంటె ఇయ్యాల నాకు అన్నం దిగదు అక్కా," అన్నాడు దినేష్.

ఐసీయూ బయట అవినాష్ అదే కుర్చీలో ఉన్నాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. నా వెనక వాళ్ళిద్దరినీ చూసి నిలబడ్డాడు.

"మా టీమ్," అన్నాను.

ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఎవరు?" అన్నాడు.

జవాబు వచ్చేలోగా లిఫ్టు తెరుచుకుంది. యశ్వంత్ వచ్చాడు. తలనుంచి నీళ్ళు కారుతున్నాయి, చొక్కా ఒంటికి అంటుకుపోయింది. "ఆయమ్మ కలిసిందక్కా. కరెంటు లేక ఫోను ఆరిపోయిందంట. పొద్దున్నే పోతానని చెప్పింది," అన్నాడు. అప్పుడు అవినాష్‌ని చూశాడు. చూడగానే అర్థమైనట్టుంది.

"తేదీలు మార్చింది నేనే సార్," అన్నాడు.

"సందేశం పంపింది నేనండి," అంది సుష్మ.

దినేష్ తల వంచుకున్నాడు. "ఇద్దరికి చెప్పవలసింది నేను. చెప్పలే."

నర్సు ఒకామె ట్రాలీ తోసుకుంటూ మా మధ్యనుంచి వెళ్ళింది. మేం జరిగి దారిచ్చాం. ఆమె వెళ్ళాక కూడా అవినాష్ అక్కడే నిలబడ్డాడు. ఆయన పిడికిలి బిగియడం, వదలడం నాకు కనబడుతూనే ఉంది. తర్వాత యశ్వంత్ దగ్గరికి వెళ్ళాడు. కుర్చీ మీదున్న తువ్వాలు తీసి యశ్వంత్ చేతికిచ్చాడు.

"తల తుడుచుకో," అన్నాడు. కాసేపటికి, "ఏమైనా తిన్నారా ముగ్గురూ?" అన్నాడు.

ఎవరూ తినలేదు. కింద క్యాంటీన్‌లో ఇడ్లీ మాత్రమే మిగిలింది. అయిదుగురం ఒకే బల్ల చుట్టూ కూర్చుని తిన్నాం. అవినాష్ ప్లేటు పక్కకి జరిపి అన్నాడు, "గురువారం రాత్రి నాన్న తల తుడుచుకుంటూ కనిపించారు. ఎందుకు తడిశారని నేనూ అడగలేదు."

మావయ్యగారు బతికారు. వార్డుకి మారిన రోజు దినేష్ వచ్చి ఆయన పక్కన కూర్చుని, మూసాపేట బోనాల కబుర్లు చెప్పి నవ్వించాడు.

భార్గవిగారు పైవాళ్ళకి పంపిన నివేదికలో ఎవరి పేరూ లేదు. తప్పు టీమంతటిదనీ, రెండోసారి జరగకుండా ఆపింది కూడా ఆ టీమేననీ రాశారట. అయినా శ్రావణమాసంలో మా టీమ్ నుంచి ఒకరు వెళ్ళారు. దినేష్. మూసాపేట విషయానికి కాదు. సెంటర్లతో ఫోన్లో మాట్లాడే పని అంతా వేరే ఊళ్ళో ఒకచోటికి మార్చేశారు. ఆఖరి రోజు భార్గవిగారు అందరి ముందూ అతనికి క్షమాపణ చెప్పారు. దినేష్ మాత్రం, "ఫికర్ జెయ్యకుండ్రి మేడమ్," అని ఆవిడనే ఓదార్చాడు. కొన్ని నెలలు తిరిగి తిరిగి ఇప్పుడు మియాపూర్‌లో ఒక చిన్న ఆస్పత్రిలో పేషెంట్ల వేళలు చూసే పనిలో కుదిరాడు. అతని సీటు ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ మాకు అలవాటు కాలేదు. ఏ సెంటర్లో ఏం జరుగుతుందో మాకు ఇప్పుడు వారం తర్వాత తెలుస్తుంది. అందుకని రోజుకొకరం వంతులేసుకుని, మాది కాని ఆ పని చేస్తున్నాం. సెంటర్లకి ఊరికే ఫోన్ చేసి, ఏమైనా మారుతోందా అని అడుగుతున్నాం.

మొన్నొక మధ్యాహ్నం మీటింగులో ఉండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మావయ్యగారు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఆయన ఎప్పుడూ చెయ్యరు. బయటికొచ్చి ఎత్తాను.

"అమ్మాయ్, పనిలో ఉన్నావా?"

"లేదు, చెప్పండి."

"పెద్ద విశేషం ఏం లేదు. పొద్దున కింద దుకాణం దాకా నడిచి వచ్చేసరికి కొంచెం ఆయాసం వచ్చింది. ఇప్పుడు తగ్గింది. అబ్బాయికి చెప్పాను. నీకూ చెబుదామని."

ఇంకా ఏదో ఉన్నట్టు ఆగారాయన. లోపల మీటింగులో నా పేరు పిలుస్తున్నారు. నేను వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఇంకా ఏంటి సంగతులు మావయ్యగారూ?" అన్నాను.